మోకాలి శస్త్రచికిత్స తర్వాత కుక్కకు నీటి చికిత్స తప్పనిసరా, నేల మీది వ్యాయామం చాలదా?

పచ్చికబాట:
మా ఏడేళ్ల లాబ్రడార్‌కు వెనుక కాలి మోకాలిలో క్రూసియేట్ లిగమెంటు (కీలు ఎముకలను కట్టి ఉంచే తంతువు) తెగిపోవడంతో టీపీఎల్‌ఓ శస్త్రచికిత్స చేయించాం. కుట్లు విప్పారు, గాయం శుభ్రంగా మానింది. కాలు నేలకు ఆనిస్తోంది గానీ దాని మీద పూర్తిగా బరువు మోపడం లేదు, తొడ కూడా రెండో కాలి తొడతో పోలిస్తే బాగా సన్నబడింది. మెడపట్టీ వేసి నెమ్మదిగా నడిపిస్తూ ఇంట్లో కొన్ని వ్యాయామాలు చేయిస్తే సరిపోతుందని ఆపరేషన్ చేసిన వైద్యుడు చెప్పారు. పునరావాస చికిత్స కేంద్రంలోని వారు మాత్రం అండర్‌వాటర్ ట్రెడ్‌మిల్ (నీళ్ల తొట్టిలో కదిలే బెల్టు) మీద నడిపించకపోతే కండ తిరిగి రాదని, ఆలస్యం చేసినకొద్దీ అవకాశం చేజారుతుందని గట్టిగా అంటున్నారు. నీటి చికిత్స మంచిదా కాదా అన్నది నా ప్రశ్న కాదు. అది చేయించకపోతే కుక్క నిజంగా ఏమైనా కోల్పోతుందా అన్నదే నా ప్రశ్న. ఆధారాలు తెలిసినవారు దయచేసి చెప్పండి.

ఎముకల వైద్యుడు:
ఈ శస్త్రచికిత్సలు చేసే పశువైద్యుణ్ని కనుక నా మొగ్గు ఎటువైపో చెప్పకుండానే తెలుస్తుంది. టీపీఎల్‌ఓలో మోకాలి కింది ఎముక పైభాగాన్ని వంపుగా కోసి, వాలు తగ్గేలా తిప్పి, ప్లేటుతో స్క్రూలతో బిగిస్తాం. ఆ కోత అతుక్కోవడానికి సాధారణంగా 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఆ కాలంలో కుక్కకు అసలు ప్రమాదం సోఫాల మీదికి దూకడం, జారే నేల, గుమ్మం దగ్గర ఒక్కసారిగా పరుగు తీయడం. నడక అంత తేలికైన వ్యాయామమేమీ కాదు. నెమ్మదిగా నడిపిస్తే నొప్పి ఉన్న కాలును కూడా వాడక తప్పదు, వేగంగా నడిపిస్తే మాత్రం అది మూడు కాళ్ల మీద గెంతుతూ ఆ కాలును తప్పించుకుంటుంది. చాలామంది ఇళ్లలో వ్యాయామం ఫలించకపోవడానికి కారణం నీరు లేకపోవడం కాదు, యజమాని తొందర.

ఇక ఆధారాల విషయం. కీళ్లవాతంతో కుంటే కుక్కలపై 2012లో అచ్చయిన ఒక పరిశీలనలో, ఉత్తుత్తి మందు ఇచ్చిన కుక్కలు కోలుకుంటున్నాయని యజమానులు దాదాపు 40 శాతం సందర్భాల్లో అనుకున్నారు, కాలు నేలపై మోపే బలాన్ని కొలిచే ఫోర్స్ ప్లేటు మీద మాత్రం ఆ మెరుగుదల కనిపించలేదు. పశువైద్యుల అంచనాలు కూడా అదే విధంగా పక్కదారి పట్టాయి. కాబట్టి ‘నీటిలోకి దింపాక మా కుక్క మారిపోయింది’ అన్న మాటను నేను అబద్ధమనను గానీ, దాన్ని రుజువుగా తీసుకోలేను. వెన్నుపూసల మధ్య డిస్క్ జారి శస్త్రచికిత్స చేయించుకున్న 30 కుక్కలపై, నీటి ట్రెడ్‌మిల్‌తో కూడిన ముమ్మర పునరావాసాన్ని సాధారణ సంరక్షణతో పోల్చిన పరీక్ష ఒకటి 2018లో వెలువడింది. ముమ్మర చికిత్స సురక్షితమేనని అందులో తేలింది, కానీ ఆ కుక్కలు మరింత త్వరగా గానీ మరింత బాగా గానీ కోలుకోలేదు.

నీటిగట్టు:
నేను పునరావాస చికిత్సలో పనిచేస్తున్నదాన్ని. వైద్యుడు గారు చెప్పిన డిస్క్ పరీక్ష చక్కగా జరిగినదే, దాన్ని నేనూ గౌరవిస్తాను. అయితే అందులోని కుక్కల సమస్య దెబ్బతిన్న నాడీమండలం. వెన్నుపాము పూర్తిగా తెగకుండా కొంత మిగిలి ఉన్న కుక్కల్లో చాలా భాగం ఏం చేసినా చేయకపోయినా కోలుకుంటాయి కనుక అక్కడ తేడా చూపించడం కష్టం. మోకాలి శస్త్రచికిత్స తర్వాత నాడులు బాగానే ఉంటాయి, కాలు వాడకపోవడం వల్ల కండ కరిగిపోతుంది, కీలు బిగుసుకుంటుంది. ఒక జబ్బులోని ఫలితాన్ని మరో జబ్బుకు తగిలించడం న్యాయం కాదు.

నీరు ఏం చేస్తుందో కొలిచి చూశారు. నీరు మడమ కీలు దాకా ఉంటే కుక్క తన బరువులో 91 శాతం మోస్తుంది, మోకాలి దాకా ఉంటే 85 శాతం, తుంటి దాకా ఉంటే 38 శాతం మాత్రమే మోస్తుంది. అంటే లోతును మార్చి కాలి మీది భారాన్ని మనకు కావలసినంతకు తగ్గించవచ్చు, వారం వారం నీటిమట్టం దించుతూ ఆ భారాన్ని తిరిగి పెంచవచ్చు. నేల మీద ఈ వెసులుబాటు లేదు. పైగా నీటిలో కాలు కదిపేటప్పుడు ఎదురయ్యే ప్రతిఘటన వేగంతోపాటు పెరుగుతుంది కనుక, కుక్క తాను చేయగలిగినంత మేరకే శ్రమిస్తుంది.

ట్రెడ్‌మిల్ తొట్టి అద్దం గోడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూస్తే ఈ అంకెలకు అర్థం కనిపిస్తుంది. బెల్టు కదలగానే కుక్క ఆపరేషన్ కాలును కడుపు కిందికి ముడుచుకుంటుంది. నీటిని తుంటి దాకా పెంచి, బెల్టు వేగాన్ని బాగా తగ్గిస్తే మొదట గోళ్లు తాకుతాయి, తర్వాత వేళ్లు విచ్చుకుంటాయి, చివరికి పాదం మెత్త మొత్తం బెల్టు మీద ఆనుతుంది. నొప్పికి భయపడి వారాల తరబడి వాడని కాలిని కుక్క మళ్లీ లెక్కలోకి తీసుకునే ఘడియ అదే. కాలు వాడనని మొండికేసిన కుక్కను నేల మీద ఎంత నెమ్మదిగా నడిపించినా ఆ ఘడియ రావడానికి చాలా కాలం పట్టవచ్చు. టీపీఎల్‌ఓ తర్వాత ముమ్మర ఫిజియోథెరపీ పొందిన కుక్కలను ఇంటి నడకతో సరిపెట్టిన కుక్కలతో 2006లో పోల్చినప్పుడు, ఆరో వారానికి మొదటి బృందానికి తొడ చుట్టుకొలత ఎక్కువగా ఉంది, మోకాలు ముడుచుకోవడంలోనూ చాచుకోవడంలోనూ అవే మెరుగ్గా ఉన్నాయి.

ఎముకల వైద్యుడు:
ఆ 2006 పరిశీలనను చివరి వరకూ చెప్పాలి. కుంటడంలోనూ, కాలిపై బరువు మోపడంలోనూ రెండు బృందాలూ మెరుగయ్యాయి, వాటి మధ్య మాత్రం తేడా తేలలేదు. పైగా ముమ్మర బృందానికి నీటి ట్రెడ్‌మిల్ ఒక్కటే కాదు, చేత్తో కీలు కదిలించడం, మర్దన, నిపుణుల పర్యవేక్షణ అన్నీ కలిపి ఇచ్చారు. ఆ కండ నీటి వల్ల వచ్చిందా, ఒకరు శ్రద్ధగా పనిచేయించడం వల్ల వచ్చిందా అన్నది అందులో విడదీయలేం. మీరు చెప్పిన 38 శాతం కూడా నీటిలో కదలకుండా నిలబడి ఉన్న కుక్కలను కొలిచిన అంకె, నడుస్తున్న కుక్కలది కాదు. చికిత్స కేంద్రాల గోడల మీద ఈ అంకె కనిపిస్తుంది గానీ ఈ సంగతి కనిపించదు.

భారం తగ్గించడం ఎల్లవేళలా మేలేనన్న భావన కూడా సరికాదు. ఎముక గట్టిపడేది దాని మీద భారం పడితేనే. మొదటి వారాల్లో తగ్గింపు ఉపయోగపడవచ్చు, కానీ కుక్క జీవితమంతా నడవాల్సింది నేల మీదే కదా.

ముసలితోక:
మా జర్మన్ షెపర్డ్‌కు డీజనరేటివ్ మైలోపతీ అన్నారు, అంటే వెన్నుపాము మెల్లగా క్షీణించే జబ్బు. దానికి మందూ లేదు, శస్త్రచికిత్సా లేదు. ఈ జబ్బు ఉందని అనుమానించిన 22 కుక్కల గురించి 2006లో వచ్చిన వ్యాసాన్ని మా వైద్యురాలు చూపించారు. నీటి వ్యాయామంతో కలిపి ముమ్మర ఫిజియోథెరపీ పొందినవి సగటున 255 రోజులు, ఓ మోస్తరుగా పొందినవి 130 రోజులు, అసలు పొందనివి 55 రోజులు బతికాయట. ఇంత తేడా ఉన్న చికిత్సను ‘రుజువు కాలేదు’ అని పక్కన పెట్టడం నాకు మింగుడుపడదు. పచ్చికబాట గారి కుక్క సంగతి వేరు, తెలుసు. కానీ ఈ చర్చలో అన్ని కుక్కలనూ ఒకే గాటన కట్టేస్తున్నారు.

నిదానం:
ముసలితోక గారూ, ఆ అంకెలు నిజమే గానీ ఏ కుక్కకు ఏ చికిత్స అన్నది అక్కడ చీటీ తీసి నిర్ణయించలేదు. అప్పటికే నడవలేని స్థితికి దగ్గరపడిన కుక్కను యజమాని ఎక్కువగా వ్యాయామానికి తీసుకెళ్లడు, బాగా నడుస్తున్న కుక్కకే ఎక్కువ చేయిస్తాడు. అలాంటి కుక్క ఎలాగూ ఎక్కువ కాలం బతుకుతుంది. చికిత్స పనిచేయలేదని దీనర్థం కాదు, 55కీ 255కీ మధ్య ఉన్న దూరమంతా చికిత్సదేనని అనుకోలేమని మాత్రమే. ఇంతకంటే మంచి ఆధారం లేని జబ్బులో మీ స్థానంలో నేనున్నా బహుశా చేయించేవాడినే.

నాకు ఇంతకంటే పెద్ద ఇబ్బంది మరొకటి కనిపిస్తోంది. ఈ చర్చలో అందరూ నీటి చికిత్స అంటే ట్రెడ్‌మిల్ అనుకుంటున్నారు, బయట చాలా చోట్ల జరిగేది ఈత. ఈ రెండూ ఒకటి కావు. లిగమెంటు శస్త్రచికిత్స అయిన కుక్కలను వీడియో తీసి కోణాలు కొలిచిన 2003 నాటి పరిశీలనలో, ఈదేటప్పుడు మోకాలు నడకలో కంటే ఎక్కువగా కదిలింది, కానీ ఆ అదనపు కదలిక ప్రధానంగా ముడుచుకోవడంలో వచ్చింది. శస్త్రచికిత్స తర్వాత కుక్కలు ఎక్కువగా పోగొట్టుకునేది చాచుకోవడాన్ని. పైగా ఈదే కుక్క ముందు కాళ్లతో ఎక్కువ పని చేస్తుంది, నొప్పి ఉన్న వెనుక కాలును కొన్ని కుక్కలు ముడిచి ఉంచుకుని కూడా ఈదేస్తాయి. లైఫ్ జాకెట్ పట్టుకుని కొలనులో వదిలేసి, కుక్క సంతోషంగా ఉందని సంబరపడితే ఆ కాలికి ఒరిగేదేమీ లేదు. ఈత కొట్టేటప్పుడు తల ఎత్తి మెడ వెనక్కి వంచుతాయి కనుక మెడ డిస్కుల సమస్య ఉన్నవాటికి అది చెరుపు కూడా.

ఇక భద్రత. ఇది సహజం కనుక హాని ఉండదని అనుకోకూడదు. ఛాతీ మీద నీటి ఒత్తిడి ఊపిరిని కష్టతరం చేస్తుంది కాబట్టి గుండె జబ్బు, స్వరపేటిక పక్షవాతం ఉన్న కుక్కలను, బుల్‌డాగ్, పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులను దింపే ముందు ఆలోచించాలి. గోరువెచ్చని నీటిలో కాసేపు నడిస్తేనే ఒళ్లు వేడెక్కుతుంది. నురగతో ఆడుకుంటూ నీళ్లు మింగే కుక్కలకు రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. క్రిమిసంహారకం సరిగా లేని వెచ్చని నీటిలో సూడోమోనాస్ బ్యాక్టీరియా పెరిగి వెంట్రుకల కుదుళ్లలో చీము పట్టిస్తుంది. కుట్లు మానని గాయం, విరేచనాలు ఉంటే అసలు దింపకూడదు. కేంద్రానికి వెళ్లినప్పుడు మొదట అడగాల్సింది ట్రెడ్‌మిల్ ఏ కంపెనీదని కాదు, నీటిలో క్లోరిన్, పీహెచ్ చివరిసారి ఎప్పుడు చూశారని, ఆ వివరాలు రాసిన పుస్తకం చూపించగలరా అని.

తూకం:
పచ్చికబాట గారూ, కుక్క బరువెంతో చెప్పలేదు. లాబ్రడార్, ఏడేళ్లు, లిగమెంటు తెగింది అనగానే నేను అడిగే మొదటి ప్రశ్న అదే. కీళ్లవాతం ఉన్న ఊబకాయపు కుక్కల మీద 2010లో అచ్చయిన పరిశీలనలో శరీర బరువు 6 శాతం చిల్లర తగ్గేసరికే కుంటడం గుర్తించదగినంత తగ్గింది. గిన్నెలో వేసే తిండిని కొలిచి తగ్గిస్తే తుంటి దాకా నీళ్లు లేకుండానే ఆ కాలి మీద భారం తగ్గుతుంది.

పచ్చికబాట:
అందరికీ కృతజ్ఞతలు. బరువు ఎక్కువే, తూకం గారు పట్టేశారు. కేంద్రం వారిని అడిగితే మొదటి విడతల్లో కొలనులో ఈత అని, తర్వాతే ట్రెడ్‌మిల్ అని చెప్పారు. కాలు నేలకు ఆనిస్తున్న కుక్కకు ఈ క్రమం సరైనదేనా?

నీటిగట్టు:
నేనైతే ఒప్పుకోను. ఎముక ఇంకా అతుక్కునే దశలో ఉంది, ఈతలో వెనుక కాలి తన్నుడును ఎవరూ అదుపు చేయలేరు. భయపడిన కుక్క గట్టు కోసం కొట్టుకుంటే ఆ తన్నుడు మరీ బలంగా ఉంటుంది. తుంటి దాకా నీటితో ట్రెడ్‌మిల్‌పై, తక్కువ వేగంతో, చిన్న చిన్న విడతలుగా, మధ్యలో విశ్రాంతితో మొదలుపెట్టమనండి. అదీ ఎక్స్‌రే చూసిన మీ శస్త్రవైద్యుడు సరేనన్నాకే. వాళ్లు ఒప్పుకోకపోతే ఇంకో కేంద్రం చూసుకోండి. అయితే వైద్యుడు గారి మాట ప్రకారం నీటి చికిత్స లేకుండా వేచి చూస్తే ఒక నష్టం ఉంది. కరిగిన కండను తిరిగి తేవడం, కరగకుండా ఆపడం కంటే ఎప్పుడూ కష్టమే.

ఎముకల వైద్యుడు:
ఈతకు ముందు ట్రెడ్‌మిల్ అన్న విషయంలో మేమిద్దరం ఒక్కటే. వేచి చూడటం గురించి మాత్రం కాదు. నేను ఊరకే కూర్చోమనడం లేదు. రోజూ పట్టీతో నెమ్మదైన నడక, వెనుక కాళ్లు రెండూ సమానంగా కిందికి వచ్చేలా కూర్చోబెట్టి లేపడం, నేలకు కాస్త ఎత్తులో పెట్టిన కర్రల మీదుగా అడుగులు వేయించడం, నాలుగు కాళ్ల మీద నిలబడ్డప్పుడు నడుమును నెమ్మదిగా అటూ ఇటూ నొక్కి బరువు మార్పించడం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. తొడ చుట్టుకొలతను ఒకరే, కుక్కను పక్కకు పడుకోబెట్టి, ప్రతిసారీ తొడ మీద ఒకే చోట టేపు పెట్టి కొలవండి. మనిషి మారినా, టేపు జారినా అంకె మారిపోతుంది. మూడు నాలుగు వారాల్లో ఆ కొలత కదలకపోయినా, మోకాలు చాచుకోవడం తగ్గినా, నిలబడ్డప్పుడు ఆ కాలును ఇంకా పైకే పట్టుకుంటున్నా నీటి చికిత్సకు నేనే ఉత్తరం రాసి పంపుతాను. కొలత పెరుగుతుంటే మాత్రం ఆ ట్రెడ్‌మిల్ సమయాన్ని అంతకంటే అవసరమున్న మరో కుక్కకు వదిలేయడంలో మీ కుక్కకు పోయేదేమీ లేదు.

నీటిగట్టు:
మూడు నాలుగు వారాలు ఎక్కువ. రెండు వారాలకే చూడండి. మోకాలు ఎంతవరకు చాచుకుంటోందో మాత్రం ఇంట్లో అంచనా వేయకండి, గోనియోమీటరుతో (కీలు కోణాన్ని కొలిచే పరికరంతో) కొలవగల వారి చేత కొలిపించండి. యజమానులు కండ తగ్గడాన్ని కళ్లతో పట్టేస్తారు గానీ, చాచుకోవడంలో పది డిగ్రీలు పోయినా వారికి తెలియదు.