పుస్తకం “చదివించింది” అనొచ్చా?

పుస్తక పరిచయాల్లో “ఏకబిగిన చదివించింది” అని రాస్తుంటాం. చదివేది మనమైతే పుస్తకం చదివించడమేమిటి, ఇది ఇంగ్లీషు నుంచి వచ్చిన వాడుకేమో అని ఇక్కడ ఒకరు అడిగారు. ముమ్మాటికీ తెలుగే. ఆకలి పరుగెత్తిస్తుంది, ఒక్క మాట ఏడిపిస్తుంది. అలాగే పుస్తకం చదివిస్తుంది. “చదివించు”లోని ఈ “ఇంచు” ప్రేరణార్థకం, అంటే ఒకరి చేత పని చేయించడాన్ని చెప్పేది. చేయించేది మనిషే కావాలన్న నియమం లేదు.

ఈ క్రియ మాటెత్తగానే నాకు పోతన భాగవతం సప్తమ స్కంధంలోని రెండు కంద పద్యాలు గుర్తొస్తాయి. హిరణ్యకశిపుడు కొడుకుతో అంటాడు:

చదువని వాడజ్ఞుండగు
చదివిన సదసద్వివేక చతురత గలుగున్
చదువగ వలయును జనులకు
చదివించెద నార్యులొద్ద చదువుము తండ్రీ

గురువుల దగ్గర చదివి వచ్చాక ప్రహ్లాదుడి జవాబు:

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థముఖ్య శాస్త్రంబులు నే
చదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మమెల్ల చదివితి తండ్రీ

ఒక్కో పద్యంలో ఐదేసి సార్లు అదే ధాతువు. ప్రాస కూడా దానిమీదే నడిచింది. అయినా ఎక్కడా విసుగు రాదు, ఎందుకంటే దాదాపు ప్రతిసారీ రూపం మారుతుంది: చదువని, చదివిన, చదివించెద, చదువుము. ఇక్కడ చదివించేది తండ్రి, గురువులు. “పిల్లల్ని చదివించాడు” అన్నప్పుడు ఇప్పటికీ అదే అర్థం. మన పరిచయాల్లో ఆ పని పుస్తకానికే అప్పజెప్పాం. నాకు చాలా ఇష్టమైన మార్పు ఇది.

ఇక “ఏకబిగిన”. బిగి అంటే పట్టు. ఆ పట్టు సడలకుండా ఒక్క ఊపున అన్నమాట. నవలకు ఇది మంచి మెప్పే. కానీ కవితా సంపుటి ఏకబిగిన చదివించిందని ఎవరైనా రాస్తే నాకు నమ్మబుద్ధి కాదు. మంచి కవిత ఒకటి చదివాక వెంటనే పేజీ తిప్పలేం. అలాంటి పుస్తకం ఆగి ఆగి చదివిస్తుంది. చిక్కటి వ్యాసం వెనక్కి తిప్పి చదివిస్తుంది. మాండలికంలో రాసిన కథ పైకి చదివిస్తుంది. సంభాషణ గొంతులో పలికితే గానీ దాని యాస, విరుపు అందవు.

అందుకే “తప్పక చదవండి” కన్నా, ఎలా చదివించిందో రాసిన పరిచయమే నాకు పనికొస్తుంది. పుస్తకం నాకు సరిపడుతుందో లేదో ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. మీలో ఎవరినైనా ఈమధ్య ఏ పుస్తకమైనా పైకి చదివించిందా? పేరుతో పాటు, ఏ వాక్యం దగ్గర గొంతు కలిపారో అది కూడా రాయండి.