ఏరేటర్ ప్యానెల్ మాన్యువల్ తెలుగులో రాయాలి: పాత అను ఫైలు, వాక్యాలు, హెచ్చరికల గురించి సాయం కావాలి

భీమవరం సభ్యురాలు (ప్రశ్న)

అందరికీ నమస్కారమండి. రొయ్యల చెరువుల ఏరేటర్లకు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలకు) కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో టెక్నికల్ రైటర్‌గా చేరాను. ఇంగ్లీషు మాన్యువల్ ఉంది. దాని తెలుగు ప్రతి ఎప్పుడో పేజ్‌మేకర్‌లో "అను" అనే పాత రకం తెలుగు ఫాంట్లతో కొట్టించారు. ఇప్పుడు కొత్త మోడళ్లు వచ్చాయి కాబట్టి దాన్ని మార్చాలి.

పాత ఫైల్లోంచి కాపీ చేసి వర్డ్‌లో పెడితే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఆన్‌లైన్ కన్వర్టర్‌లో వేస్తే తెలుగు వస్తోంది గానీ, మధ్యలో ఇంగ్లీషులో ఉన్న మోడల్ పేర్లు, యూనిట్లు పాడైపోతున్నాయి.

రెండోది వాక్యాలు. "ప్యానెల్ యొక్క మూత తెరువబడుటకు పూర్వము మెయిన్ స్విచ్ ఆఫ్ చేయబడవలెను" అని ఉంది. రాత్రిపూట చెరువు గట్టు మీద టార్చి లైటు పట్టుకుని చదివే మనిషికి ఇదెలా ఎక్కుతుందండి? మార్చాలని నాకుంది. మాన్యువల్ అంటే కాస్త గంభీరంగా ఉండాలని ఆఫీసులో పెద్దవాళ్లు అంటున్నారు.

ఇంకోటి కూడా. అన్ని మోడళ్లకూ ఒకటే ఫైలు ఉంచి, మోడల్ పేరు మాత్రం దానంతట అదే మారేలా చెయ్యమన్నారు. ఇంగ్లీషులో సుళువుగా అయిపోయింది. తెలుగులో వాక్యాలు అతకడం లేదు. ఎవరైనా చేసినవాళ్లుంటే దారి చెప్పండి.

రాజమండ్రి సభ్యుడు

మొదటి దానికి నేను చెబుతానమ్మా. అను ఫాంటులో తెలుగు అక్షరం అంటూ ఏదీ దాగి ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకి ఉండే కోడ్ల మీదే తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఫాంటు తీసేస్తే కింద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. కన్వర్టర్‌కి మీరిచ్చేది ఉత్త అక్షరాలే కాబట్టి, ఏది అను ఫాంటులోది, ఏది నిజంగా ఇంగ్లీషో దానికి తెలిసే దారి లేదు. మోడల్ పేర్లు పాడయ్యేది అందుకే.

కన్వర్టరే వాడాలనుకుంటే ఇలా చెయ్యండి. ఫాంట్లు పోకుండా వర్డ్‌లోకి తెచ్చుకుని, ఫైండ్‌లో ఫార్మాట్ దగ్గరికెళ్లి ఫాంటు పేరుతో వెతకండి. అను ఫాంటులో ఉన్న ముక్కల్నే కన్వర్టర్‌లో వేసి తిరిగి అక్కడే పెట్టండి. మిగతావి ముట్టుకోవద్దు. అయ్యాక వత్తులు, అంకెలు కళ్లతో సరిచూసుకోవాల్సిందే.

కానీ వాక్యాలన్నీ ఎలాగూ తిరగరాస్తానంటున్నారు. అలాంటప్పుడు ఇంత తంటాలెందుకు? పాత ప్రతిని ప్రింటు తీసి పక్కన పెట్టుకోండి. యూనికోడ్‌లో (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతిలో) మొదట్నించీ కొత్తగా టైపు చెయ్యండి. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల కీబోర్డు అమరిక) వస్తే అది, రాకపోతే ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగొచ్చే కీబోర్డు ఏదైనా సరే. పాతదాన్ని కన్వర్ట్ చేసి పెట్టుకుంటే ఆ "బడవలెను"లన్నీ మీ కొత్త ఫైల్లోకీ నడిచొస్తాయి.

పేజ్‌మేకర్‌ని మాత్రం వదిలెయ్యండి. 2001లో వచ్చిన 7.0 తోనే అది ఆగిపోయింది, యూనికోడ్ తెలుగు దానికి తెలీదు. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉంటే పేరాగ్రాఫ్ స్టైల్లో జస్టిఫికేషన్ దగ్గర "వరల్డ్ రెడీ" కంపోజర్ పెట్టండి. అది పెట్టకపోతే వత్తులూ గుణింతాలూ విడిపోతాయి. డబ్బు పెట్టలేమంటే లిబ్రే ఆఫీస్ చాలు. లాంగ్వేజెస్ సెట్టింగుల్లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చెయ్యండి. స్టైల్లో తెలుగు ఫాంటు గడి వేరు, ఇంగ్లీషు ఫాంటు గడి వేరు. వర్డ్‌లోనూ అంతే. "ఫాంటు సైజు మార్చినా తెలుగు మారట్లేదు" అని చాలామంది అడిగేదానికి జవాబు అక్కడే ఉంది.

అమలాపురం సభ్యురాలు

వాక్యాల సంగతి నేను చెప్తానండి. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి, కాస్త పొడుగు రాస్తున్నాను, ఏమనుకోకండి.

మీరిచ్చిన వాక్యంలో గ్రాంథికం ఒక్కటే కాదు తప్పు. దాన్ని వాడుక భాషలోకి మార్చినా "మూత తీసే ముందు మెయిన్ ఆపండి" అవుతుంది. చదివే మనిషికి మొదట కనబడేది "మూత తీసే". చెయ్యి అటే పోతుంది. తెలుగులో క్రియ చివర్న వస్తుంది కాబట్టి, ముందు చెయ్యాల్సిన పని వాక్యంలో వెనక్కి పోతుంది. అందుకని విడగొట్టండి:

1. మెయిన్ ఆపండి.
2. మూత తీయండి.

చేతులు కదిలే వరసలోనే వాక్యాలూ ఉండాలి. షరతు ఉంటే అది ముందుకు రావచ్చు: "ఎర్ర లైటు వెలిగితే, మోటారు ఆపండి." అది మనకి సహజమే.

వద్దు అని చెప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త. "మెయిన్ ఆపకుండా మూత తీయకండి" అన్నదాన్ని హడావుడిలో చదవండి. రెండు "కాదు"లు కలిసి, ఏది చెయ్యాలో ఏది మానాలో ఒక క్షణం తెలియదు. పైగా ఆ "కండి" చిట్టచివర్న ఉంది. వద్దనే వాక్యం నాలుగైదు మాటలకి మించకూడదని నేను పెట్టుకున్న నియమం. "తడి చేత్తో స్టార్టరు ముట్టుకోవద్దు." చాలు.

తర్వాత "బడు". ఇది వినడానికి ఎబ్బెట్టుగా ఉండటం ఒక్కటే కాదండి, అర్థాన్ని కూడా మింగేస్తుంది. "ఓవర్‌లోడ్ అయినప్పుడు మోటారు ఆపబడును" అంటే ఎవరు ఆపాలి? ప్యానెలే ఆపుతుందా, కుర్రాడు వెళ్లి ఆపాలా? మీ ప్యానెల్ ఆపేటట్టయితే "మోటారు దానంతట అదే ఆగిపోతుంది" అనండి. మనిషి ఆపాలంటే "మోటారు ఆపండి" అనండి. ఒక మోటారు కాలిపోవడానికీ కాలకపోవడానికీ మధ్య తేడా ఇది. గాంభీర్యం కావాలనే పెద్దలకు ఈ ఒక్క ఉదాహరణ చూపించండి, ఒప్పుకుంటారు. పేరున్న ప్రమాణాలు అడిగితే ఐఈసీ/ఐఈఈఈ 82079-1 ఉంది, 2019లో రెండో కూర్పు వచ్చింది. ఏ ఉత్పత్తికైనా వాడకం సూచనలు చదివే మనిషికి తగ్గట్టుండాలని చెప్పేదే అది.

"మోటారు", "స్టార్టరు", "ఫేజు" అని రాయడానికి వెనకాడకండి. కాలవల మీద లాకులు, లస్కర్లు అంటూనే మన డెల్టాలో తరాలు గడిచాయి. గట్టు మీద మనిషి "ఫేజు పోయింది", "ట్రిప్పయింది" అంటాడు, మీరూ అలాగే రాయండి. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. "స్టార్టర్‌లు" అని రాస్తే మధ్యలో కంటికి కనబడని విడదీసే గుర్తు పెట్టాలి. ఒకచోట పెట్టి ఇంకోచోట మరిచిపోతే ఫైల్లో వెతికినప్పుడు సగమే దొరుకుతాయి. "స్టార్టర్లు, స్టార్టరుకు" అంటే ఆ బెడదే లేదు. ఆ గుర్తు తప్పనిసరైన మాటలకి వర్డ్‌లో ఇన్సర్ట్, సింబల్, స్పెషల్ క్యారెక్టర్స్‌లో "నో విడ్త్ ఆప్షనల్ బ్రేక్" అనే పేరుతో దొరుకుతుంది.

ఇక మోడల్ పేరు దానంతట అదే మారడం. మీ మోడళ్లు ఎస్2, ఎస్3 అనుకుందాం. "ఎస్2కు కనెక్షన్ ఇవ్వండి" సరిగ్గా ఉంటుంది, "టూ" కాబట్టి. అదే చోట ఎస్3 వచ్చిపడితే "ఎస్ త్రీకు" అవుతుంది. ఇకారం తర్వాత "కి, ని" రావాలి, మిగతా చోట్ల "కు, ను". పేరేమిటో ముందు తెలియకపోతే విభక్తి ఏది అతికించాలో ఎలా తెలుస్తుంది? వర్డ్‌లో ఫీల్డుగా పెట్టినా, డిటాలో (మాన్యువల్ని ముక్కలుగా రాసి కలిపే పద్ధతిలో) కీరెఫ్‌గా, అంటే పేరు బదులు పెట్టే గుర్తుగా పెట్టినా ఇదే చిక్కు. దారేమిటంటే, మారే పేరు పక్కన ఎప్పుడూ మారని నామవాచకం ఒకటి పెట్టండి. "ఎస్2 ప్యానెలుకు", "ఎస్3 ప్యానెలుకు". విభక్తి ప్యానెలుకి అతుక్కుంటుంది, పేరు ఏదైనా ఇబ్బంది లేదు. అంకెలకీ ఇదే పద్ధతి: "5కి తగ్గితే" అని కాకుండా "5 పీపీఎంకు తగ్గితే" అనండి (పీపీఎం అంటే పది లక్షల్లో ఎన్ని వంతులో చెప్పే కొలత).

భీమవరం సభ్యురాలు

అక్కా, ప్యానెలు పక్కన పెట్టే ఉపాయం ఇప్పుడే చేసి చూశాను, అన్ని మోడళ్లకీ సరిపోయింది. చాలా థాంక్సండి. రాజమండ్రి అన్నయ్య గారూ, కొత్తగానే టైపు చేస్తానండి, మీరన్నదే నిజం.

హెచ్చరికల గురించి కూడా చెప్పరూ? ఇంగ్లీషు ప్రతిలో డేంజర్, వార్నింగ్, కాషన్, నోటీస్ అని నాలుగు రకాలున్నాయి. తెలుగు ప్రతిలో అన్నిటికీ "హెచ్చరిక" అనే వేశారు.

కాకినాడ సభ్యుడు

ఆ నాలుగూ అమెరికా ప్రమాణం ఆన్సీ జెడ్535 నుంచి వచ్చినవి. తప్పించుకోకపోతే ప్రాణం పోవడమో పెద్ద గాయమో ఖాయమైతే డేంజర్, ఎరుపు. ఖాయం కాదు గానీ జరిగే వీలుంటే వార్నింగ్, నారింజ. చిన్న గాయాల వరకైతే కాషన్, పసుపు. మనిషికి కాకుండా సామానుకి నష్టమైతే నోటీస్, నీలం. మేం వరసగా ప్రమాదం, హెచ్చరిక, జాగ్రత్త, గమనిక అని వాడతాం. ఒక్కసారి ఎంచుకున్నాక మాన్యువల్ మొత్తం అవే ఉండాలి, రంగులు మార్చకూడదు.

అయితే "ప్రమాదం" పెద్దదా "హెచ్చరిక" పెద్దదా అనేది చదివే రైతుకి తెలియాల్సిన పని లేదు. ఏమవుతుందో కిందే చెప్పెయ్యండి. "లోపల కరెంటు ఉంది. ముట్టుకుంటే ప్రాణం పోతుంది." ఆ తర్వాత ఏం చెయ్యాలో రాయండి. హెచ్చరిక ఎప్పుడూ ఆ పని చెప్పే అంకెకి పైన ఉండాలి. కింద పెడితే పని అయిపోయాక చదువుతారు.

తణుకు సభ్యుడు, ప్రెస్సు పని

ఒకటి రెండు మాటలు ప్రింటింగు వైపు నుంచి. అను ఫైలే కావాలని ప్రెస్సువాళ్లు అడిగితే ఒప్పుకోకండి. ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్లోనే ఇమిడ్చిన) పీడీఎఫ్ ఇవ్వండి, ఏ ప్రెస్సయినా వేస్తుంది. కానీ మూల ఫైలు మీ దగ్గర భద్రంగా ఉండాలి. పీడీఎఫ్‌లోంచి తెలుగు తిరిగి కాపీ చేస్తే అక్షరాలు చెదిరిపోవచ్చు.

ఫాంటు: మండలి ఉచితం, చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ అందులో బోల్డు లేదు. బలవంతాన బోల్డు చేస్తే అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. హెచ్చరికలకి నోటో సాన్స్ తెలుగు తీసుకోండి, అందులో అన్ని మందాలూ ఉన్నాయి. ఇటాలిక్ అసలొద్దు, వాలిన తెలుగు అక్షరం చదవడం కష్టం. లైన్ల మధ్య దూరం "ఎగ్జాక్ట్‌లీ" అని పెడితే కింది వత్తులు తెగిపోతాయి, "మల్టిపుల్" పెట్టండి. బొమ్మల్లో మాటలు రాయకుండా అంకెలు వేసి, ఆ అంకెల వివరం పక్కన ఇవ్వండి. ఇంగ్లీషుకీ తెలుగుకీ ఒకే బొమ్మ సరిపోతుంది.

నరసాపురం సభ్యుడు

నేను రైటర్ని కాదండి, చెరువులు చూసుకుంటాను. మా తమ్ముడు చూపిస్తే చదివాను. రెండు సంగతులు చెప్పాలనిపించింది.

ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. రాత్రంతా ఎండ ఉండదు కాబట్టి నీళ్లలో నాచు ఆక్సిజన్ తయారుచెయ్యదు, రొయ్యలూ నాచూ అన్నీ పీల్చుకుంటూనే ఉంటాయి. మీ ప్యానెల్ ట్రిప్పయితే మాకు అదే టైములో అవ్వాలి మరి. అప్పుడు గట్టు మీద ఉండేది కాపలా కుర్రాడు. వాడు పుస్తకం తియ్యడు. ప్యానెల్ తలుపు మీద లామినేషన్ చేసిన ఒక్క కాయితం అంటించండి. ఏ లైటు వెలిగితే ఏం చెయ్యాలి, ఎవరికి ఫోను చెయ్యాలి, అంతే ఉండాలి దానిమీద. పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చి పనిచేసేవాళ్లూ ఉంటారు, తెలుగు చదవలేరు, బొమ్మలు కూడా వెయ్యండి.

రెండోది అసలైనది. పైన అందరూ "మెయిన్ ఆపండి, మూత తీయండి" అన్నారు. మాకు ప్రతి ప్యానెల్‌కీ వెనక జనరేటరు ఉంటుంది. మెయిన్ ఆపినా జనరేటరు వైపు నుంచి కరెంటు వచ్చేస్తుంది. కొన్ని జనరేటర్లు కరెంటు పోగానే వాటంతట అవే స్టార్టవుతాయి. ఆ ఒక్క లైను రాయకపోతే మీ పుస్తకం నమ్మి చెయ్యి పెట్టినవాడి గతేంటండి?

అమలాపురం సభ్యురాలు

బాబాయ్ గారూ, మీరు చెప్పింది మాకెవరికీ తట్టలేదు. చెల్లీ, ఇది ఇంగ్లీషు ప్రతిలో కూడా లేకపోతే మీ ఇంజనీర్లతో ఈ రోజే మాట్లాడి రెండింటిలోనూ చేర్పించు. ఇంకో సంగతి కూడా ఇందులోంచే తేలుతోంది. మూత తీసే పని కాపలా కుర్రాడిది కాదు, ఎలక్ట్రీషియన్‌ది. ఇద్దరికీ ఒకే పేజీ రాయకు. తలుపు మీద కాయితం కుర్రాడికి, పుస్తకం వెనక భాగం ఎలక్ట్రీషియన్‌కి.

భీమవరం సభ్యురాలు

మాట్లాడానండి. ఇంగ్లీషు ప్రతిలోనూ లేదు, రెండిట్లోనూ కలుపుతున్నారు. ఎలక్ట్రీషియన్ పేజీ ఇలా రాశాను, చూసి చెప్పండి. చేంజోవరు అంటే లైను కరెంటు నుంచి జనరేటరుకి మార్చే స్విచ్చి.

ప్రమాదం
లోపల కరెంటు ఉంది. ముట్టుకుంటే ప్రాణం పోతుంది. ఎలక్ట్రీషియన్ తప్ప ఎవరూ మూత తీయవద్దు.

1. జనరేటరు ఆపండి. ఆటో స్టార్టు ఉంటే అదీ ఆపండి.
2. మెయిన్ ఆపండి.
3. చేంజోవరు స్విచ్చి మధ్యలో, ఆఫ్ దగ్గర పెట్టండి.
4. మూత తీయండి.
5. మూడు ఫేజుల్లోనూ కరెంటు లేదని మీటరుతో చూడండి.
6. పని మొదలుపెట్టండి.

నరసాపురం సభ్యుడు

ఇది మా కుర్రాడికీ అర్థమవుతుందమ్మా. 3 తర్వాత ఒకటి కలపండి: "చేంజోవరుకు తాళం వేయండి. తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి." మనం లోపల చెయ్యి పెట్టి ఉండగా, ఏరేటర్లు ఆగిపోయాయని అవతలి గట్టు నుంచి ఇంకొకడు పరిగెత్తుకొచ్చి స్విచ్చి వేసేస్తాడు.

భీమవరం సభ్యురాలు

కలిపానండి. తాళం పట్టే కొక్కెం పాత మోడల్లో లేదట, కొత్త ప్యానెళ్లకి పెట్టమని వర్క్‌షాపులో అడిగాను. పాతవాటికి ఏం రాయాలో వాళ్లు చెప్పాక మళ్లీ ఇక్కడే పెడతాను.