ఒక్క డోసే పడిన బాబుకు ఆటలమ్మ టీకా రెండో డోసు ఇప్పుడు వేయించవచ్చా?

మాది నెల్లూరు జిల్లా కావలి. ఏడేళ్ల మా పాపకు ఆటలమ్మ టీకా 15వ నెలలో ఒకటి, అయిదో ఏట ఇంకొకటి డబ్బు కట్టి వేయించాము (ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు కదా). అయినా తరగతిలో పక్కన కూర్చునే పిల్లకు వచ్చిన రెండు వారాలకు, మొన్న ఆదివారం సాయంత్రం పాపకు 100 డిగ్రీల జ్వరం వచ్చి, మరునాటికి వీపు మీద, పొట్ట మీద 30 లోపు పొక్కులు తేలాయి; చాలా మటుకు నీరు పట్టనివి, కందిగింజంత ఎర్రటివి. డాక్టరు చూసి ఆటలమ్మేనని, టీకా పడిన పిల్లలకు ఇలా తేలికగానే పోతుందని చెప్పారు. ఏ టీకా రక్షణా నూటికి నూరు పాళ్లు కాదు కనుక అందులో నాకు పేచీ లేదు.

చిక్కంతా మూడేళ్ల బాబుతో. వాడికి 15వ నెలలో ఒక్క డోసే పడింది. పాపను వేరే గదిలో ఉంచాము, తువ్వాళ్లు, కంచాలు వేరు చేశాము, మా అత్తగారు గుమ్మానికి వేపమండలూ కట్టారు. కానీ ఇది పొక్కులు తేలడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే, అదీ గాలి ద్వారా కూడా అంటుకునే జబ్బు. ఆదివారం దాకా వాళ్లిద్దరూ ఒకే మంచం మీద పడుకున్నారు. రెండో డోసు వెంటనే వేయించమని ఒక పిల్లల డాక్టరు, 21 రోజులు ఆగి చూడమని మరొకరు అంటున్నారు. బాబుకు జ్వరం, దగ్గు లేవు, మందులేవీ వాడటం లేదు.

పాపకు పొక్కులు తేలి నేటికి రెండో రోజు. ఈ స్థితిలో రెండో డోసు వేయిస్తే బాబుకు జబ్బు వచ్చే అవకాశం నిజంగా తగ్గుతుందా?