15 ఏళ్లు షెడ్డులో ఉన్న డాడ్జ్ కింగ్స్‌వే: ఎట్లా లేపాలి? క్వార్టర్ మైల్ తట్టుకుంటాదా?

పెన్నగట్టు (అనంతపురం)

అన్నలకు నమస్కారం. బండి 1950ల తొలినాళ్ల డాడ్జ్ కింగ్స్‌వే, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు బిగించింది. ఆరు సిలిండర్ల ఫ్లాట్‌హెడ్ (వాల్వులు హెడ్డులో గాక బ్లాకులో ఉండే ఇంజన్), 6 వోల్ట్, కాలమ్ గేరు (స్టీరింగ్ పక్కన గేరు కడ్డీ). తాడిపత్రి వైపు ఒక రేకుల షెడ్డులో 15 ఏళ్లుగా కదల్లేదు. హ్యాండిల్ వేస్తే ఇంజన్ తిరగడం లేదు, బ్రేక్ పెడల్ నేలకు దిగిపోతోంది. సెల్ఫ్ కొట్టేముందు ఏమేం చూసుకోవాల? ఇంకో సంగతి. వింటేజ్ ర్యాలీలో 402 మీటర్ల (క్వార్టర్ మైల్, అంటే పావు మైలు) టైమ్డ్ రన్ వేద్దామని కుర్రాళ్లు పట్టుబడుతున్నారు. అమెరికాలో డ్రాగ్ స్ట్రిప్పుల (నేరుగా పోయే రేసు దారులు) మీద డాడ్జ్‌లే కదా గెలిచింది అంటున్నారు. ఈ బండి తట్టుకుంటాదా?

గుత్తి_గేరు (అనంతపురం జిల్లా)

అన్నా, బ్యాటరీ జోలికి ఇప్పుడే పోవద్దు. పట్టేసిన ఇంజన్‌ను సెల్ఫ్‌తో తిప్పితే రింగులు విరుగుతాయి, లేదంటే ఫ్లైవీల్ పండ్లు పోతాయి.

ప్లగ్గులు ఆరూ ఇప్పేసి, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె), ఎసిటోన్ సగం సగం కలిపి ఒక్కో రంధ్రంలో 30 మి.లీ. దాకా పోయండి. ఎసిటోన్ పల్చన గాబట్టి నూనెను రింగుల సందుల్లోకి దింపి తాను ఆవిరైపోతాది. రెండు రోజులకోసారి మళ్లీ పోస్తూ కనీసం వారం నానబెట్టాల. ఆ చుట్టుపక్కల బీడీ, వెల్డింగ్ రెండూ బంద్. తర్వాత క్రాంక్ పుల్లీ నట్టుకు పొడుగు పాన వేసి ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి. ఒకే పక్కకు బలం పెట్టొద్దు. రెండు వారాలైనా కదలకుంటే హెడ్డు ఇప్పండి. ఈ ఇంజన్‌లో వాల్వులన్నీ బ్లాకులోనే ఉంటాయి గాబట్టి అది పెద్ద పనేం కాదు.

తిరిగింది అనుకుందాం. అప్పుడు బ్లాకు పక్కనున్న రెండు వాల్వు మూతలు ఇప్పి, ఒకరు హ్యాండిల్ తిప్పుతుంటే ఇంకొకరు టార్చి వేసి చూడాల. పైకి లేచి కిందికి రాని వాల్వు ఒకటో రెండో తప్పకుండా ఉంటాయి. గైడ్ దగ్గర పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి, ఇత్తడి కడ్డీతో మెల్లగా దింపండి. అన్నీ ఆడినాక కంప్రెషన్ చూడండి. 90 పీఎస్‌ఐ దాటి, ఆరూ దగ్గర దగ్గరగా ఉంటే చాలు.

సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) మాత్రం తప్పకుండా దించండి. అడుగున మడ్డి గట్టిపడి ఉంటాది. పైనుంచి కొత్త డిటర్జెంట్ ఆయిల్ పోస్తే అది మడ్డిని కరిగించి తెచ్చి పంపు జాలీకి అడ్డం పెడతాది, బేరింగులు అయిపోతాయి. కడిగి బిగించినాక ఎస్‌ఏఈ 30 దాదాపు 4.7 లీటర్లు పడతాది.

ఈ ఇంజన్ అసలు జబ్బు నీళ్ల ట్యూబు. వాటర్ పంపు ఇప్పితే దాని వెనకాల, బ్లాకు పొడుగునా పోయే చపటా రేకు గొట్టం కనిపిస్తాది. ఒక్కో ఎగ్జాస్ట్ వాల్వు దగ్గరికి నీళ్లు అందేట్టు దానికి రంధ్రాలుంటాయి. మన బోరు నీళ్లకు అది తుప్పు పట్టి ముక్కలైపోతాది. ముందరి మీటరు చల్లగానే చూపిస్తాంటే వెనక సిలిండర్ల వాల్వులు మాడిపోతాంటాయి. రేడియేటర్ తీసి, కొక్కెం కడ్డీతో ట్యూబును ముక్కముక్కగానైనా లాగేయండి. ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ రేకుతో అదే కొలతకు చేయించండి. బ్లాకు పక్కనున్న మూత బిళ్లలు కూడా తీసి, లోపలి మట్టిని తీగతో గీకి కడగాల. థర్మోస్టాట్ పీకేస్తే చల్లగుంటాదని చెప్పేవాళ్ల మాట వినొద్దు.

బురుజు_వర్క్‌షాప్ (కర్నూలు)

ఇంజన్ సంగతి అన్న చెప్పేశాడు, కరెంటు సంగతి నేను చెబుతా. ఈ బండిలో ఎర్త్ అయ్యేది ప్లస్. మామూలు బండి అనుకుని మైనస్‌ను బాడీకి వేస్తే డైనమో, ఆమీటరు తిరగబడతాయి. కాయిల్‌లో కూడా ప్లస్ టెర్మినల్ డిస్ట్రిబ్యూటర్ వైపు, మైనస్ స్విచ్ వైపు ఉండాలి. బ్యాటరీ బిగించాక, ఇంజన్ స్టార్ట్ చేయకముందే, రెగ్యులేటర్ మీద బ్యాట్ (బ్యాటరీ), ఆర్మ్ (డైనమో) టెర్మినళ్లకు ఒక వైరు ముక్క క్షణం తాకించి తీసేయండి. డైనమోకు పోలారిటీ అట్లా వస్తుంది. క్షణమే, పట్టుకుని ఉండొద్దు.

సెల్ఫ్ మెల్లగా తిరుగుతోందని వైండింగ్ మార్పించేవాళ్లు చాలామంది. సగం కేసుల్లో తప్పు కేబులుదే. 12 వోల్ట్‌తో పోలిస్తే 6 వోల్ట్‌లో అదే శక్తికి కరెంటు రెండింతలు పోతుంది కాబట్టి ఇప్పటి కార్ల కేబుల్ సరిపోదు. 70 స్క్వేర్ ఎంఎం వెల్డింగ్ కేబుల్ కొని లగ్గులు గట్టిగా ప్రెస్ చేయించండి. ఎర్త్ తగిలే చోట పెయింట్ గీకేయాలి. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ గ్యాప్ 20 తౌ (అంగుళంలో వెయ్యో వంతులు). ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. ఆరో సిలిండర్ మీద హెడ్డుకు చిన్న పైప్ ప్లగ్గు ఉంటుంది, అది తీసి సన్నటి కడ్డీ దింపితే టాప్ సెంటర్ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటు) కచ్చితంగా దొరుకుతుంది.

బ్రేకులకు రబ్బర్లు మార్చి వదిలేయొద్దు. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు లోపల గుంటలు పడి ఉంటాయి, లేత్ మీద స్లీవు వేయించాలి. ముందు చక్రాలకు రెండేసి సిలిండర్లు, మర్చిపోవద్దు. ఎడమ చక్రాల బోల్టులకు ఎడమ మర ఉంటుంది, పంక్చర్ షాపు పిల్లోడు పైపు వేసి విరిచేస్తాడు, దగ్గర నిలబడండి. వెనక డ్రమ్ము టేపర్ షాఫ్ట్ మీద తాళం చెక్కతో (కీ) కూర్చుంటుంది. పుల్లర్ లేకుండా సుత్తితో బాదితే డ్రమ్ము పగులుతుంది. నట్టును చివర నాలుగు చుట్లు ఉంచే పుల్లర్ బిగించండి. లేకపోతే ఊడినప్పుడు డ్రమ్ము ఎగిరి మనిషి మీదకే వస్తుంది.

గండి_రోడ్డు (కడప)

కుర్రాళ్ల ప్రశ్నకు జవాబు. పేరొక్కటే, వంశం వేరు.

అక్కడ స్ట్రిప్పుల మీద ఏలింది క్రైస్లర్ (డాడ్జ్ మాతృ కంపెనీ) హెమీ వీ8. 1951లో వచ్చిన ఫైర్‌పవర్ 331 క్యూబిక్ అంగుళాలు, 180 హార్స్‌పవర్. డాడ్జ్‌కు చిన్న హెమీ 1953లో వచ్చింది. అర్ధగోళం చాంబరులో పెద్ద వాల్వులు ఎదురెదురుగా ఉంటాయి, గాలి ఒక పక్క వచ్చి ఇంకో పక్క పోతాది. సూపర్‌చార్జర్ (గాలి నొక్కి పంపేది), నైట్రోమీథేన్ (రేసు ఇంధనం) రెండూ తట్టుకుంటాది. డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్ లాంటోళ్లు పాత 392 హెమీలను పట్టుకుని వేలాడింది అందుకే. 1964లో 426 హెమీ వచ్చింది. మీ ఫ్లాట్‌హెడ్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ బ్లాకులో ఒకే పక్కన. గాలి మలుపులు తిరిగి రావాల. వాల్వు లేచే చోటు చాంబరులో ఉంచాల్సిందే గాబట్టి కంప్రెషన్ కూడా పెద్దగా పెంచలేం. 97 హార్స్‌పవర్ చుట్టుపక్కలే.

స్ట్రిప్పుల కత కూడా చెప్తా, కుర్రాళ్లకు నచ్చుతాది. 1950లో కాలిఫోర్నియా శాంటా అనాలో విమానాశ్రయం రన్‌వే మీద మొదలుపెట్టినారు. 1951లో వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (డ్రాగ్ రేసుల సంఘం) పెట్టినాడు. 1955లో కాన్సస్‌లోని గ్రేట్ బెండ్‌లో మొదటి నేషనల్స్ పోటీ. అప్పట్లో స్లింగ్‌షాట్ బండ్లలో డ్రైవరు వెనక ఇరుసుకు వెనకాల, క్లచ్, గేర్‌బాక్స్ ముందర పెట్టుకుని కూర్చునేవాడు. 1970లో గార్లిట్స్ బండిలో గేర్‌బాక్స్ పగిలి పాదంలో ముక్క తెగిపోయింది. ఆ తర్వాత ఇంజన్‌ను వెనక్కి మార్చి, 1971 వింటర్‌నేషనల్స్ పోటీ ఆ కొత్త బండితోనే గెలిచినాడు.

మీ బండికి వస్తే 402 మీటర్లకు 20 సెకన్ల పైనే పడతాది. స్ట్రోకు 111 మి.మీ., పొడుగాటిది. 3600 దాటి ఆర్‌పీఎం లాగితే శక్తి రాదు, రాడ్ బేరింగుల మీద బరువు పడతాది. క్లచ్ జాడించి వదిలితే మొదట పోయేది వెనక ఇరుసు తాళం చెక్క. నట్టు 145 అడుగు-పౌండ్ల దాకా బిగించి ఉంటే టేపరే లాగుతాది, వదులైతే చెక్క తెగి గాడి వెడల్పవుతాది. టైర్ల తయారీ తేదీ పాతదైతే గాలి నిలబడినా రన్ వద్దు. ఒకటే మాట, హైవే మీద మాత్రం వేయొద్దు. మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ కింద అనుమతి లేని రేసు నేరం.

పెన్నగట్టు (అనంతపురం)

శానా సంతోషం అన్నలూ. ఇప్పుడు బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలే దొరుకుతాంది. మన ఎండకు, ఈ బండికి?

గుత్తి_గేరు (అనంతపురం జిల్లా)

పాత పెట్రోలు పంపు డయాఫ్రమ్ (లోపలి పొర) అయితే ఇథనాల్ తినేస్తాది. అది చిరిగితే పెట్రోలు సంపులోకి దిగి ఆయిల్ పల్చనైతాది. డిప్‌స్టిక్ వాసన చూస్తా ఉండండి. ఇథనాల్ తట్టుకునే డయాఫ్రమ్, వైటాన్ రబ్బరు పైపులు వేయండి. ట్యాంకు దించి కడిగి, పంపుకు ముందర పారదర్శకం ఫిల్టరు ఒకటి పెట్టండి, మొదటి నెలలో రెండు మూడు సార్లు మార్చాల్సొస్తాది.

ఎండకు వచ్చేది పెట్రోలు ఆవిరి. పైపు ఎగ్జాస్ట్‌కు దగ్గర పోతుంటే దూరం జరిపి రేకు అడ్డం పెట్టండి. దారిలో ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు కూర్చోండి, చోక్ మాత్రం లాగొద్దు.