అమెరికా లేని వాతావరణ ఒప్పందం: మనం కట్టాలా?

బెజవాడ బోల్టు: అమెరికా 2026 జనవరిలో రెండోసారి పారిస్ ఒప్పందం వదిలేసింది. అంత కాల్చినవాడు దర్జాగా బయటుంటే, ఆటోనగర్‌లో చేసిన బోల్టు యూరప్‌కి పంపితే మాత్రం కార్బన్ లెక్క అడుగుతారా? ఏం న్యాయమండీ ఇది?

తెనాలి లెక్కలు: న్యాయం సంగతి తర్వాత. పారిస్‌కి ముందున్న క్యోటో వాతావరణ ఒప్పందం అమలుకు పారిశ్రామిక దేశాల 1990 కార్బన్ ఉద్గారాల్లో 55 శాతం వాటా ఉన్నవాళ్లు ఆమోదించాలి. 36 శాతం ఉన్న అమెరికా తప్పుకునేసరికి 17 శాతమున్న రష్యాను బతిమాలుకుంటూ 2005 దాకా ఆగాల్సొచ్చింది. చేరినవాళ్లు చమురు తగ్గిస్తే ధర పడుతుంది, బయటున్నవాడు చవగ్గా ఇంకాస్త కాలుస్తాడు. ఓజోన్ పొరను కాపాడే 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంలో చేరని దేశంతో సీఎఫ్‌సీల (ఓజోన్‌ను దెబ్బతీసే వాయువుల) వ్యాపారమే కట్ చేశారు, అందరూ చేరడానికి అదో పెద్ద కారణం. పారిస్‌లో ఆ కొరడా లేదు. దిగుమతి సరుకు తయారీలో వెలువడ్డ కార్బన్‌పై యూరప్ వేసే సరిహద్దు పన్ను ఆ పని చేస్తోంది. అమెరికా ఉక్కుకీ మినహాయింపు లేదు.

గుంటూరు ఘాటు: మిర్చి ఆ పన్ను జాబితాలో లేదు, బతికాం! ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు, అంతే. అయినా ఉచితంగా వదిలే కార్బన్ కోటాలో 2026లో కోత 2.5 శాతమేగా, ఇంత గోలెందుకు?

తెనాలి లెక్కలు: అందరూ పొరబడేది అక్కడేనండీ. 2.5 శాతం కోసేది బెంచ్‌మార్క్ మీద, అంటే టన్ను సరుకుకి ఇంత కార్బన్ అని యూరప్ పెట్టిన ప్రామాణిక లెక్క మీద. దానికి పైనున్నదంతా మొదటిరోజు నుంచే పూర్తిగా కట్టాలి. ఉదాహరణకి బెంచ్‌మార్క్ టన్ను ఉక్కుకి 1.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్, మీది 2.4 అనుకోండి. 1.4లో 97.5 శాతం, అంటే 1.365 పోగా 1.035 మిగులుతుంది. టన్ను కార్బన్ డయాక్సైడ్‌కి ఒకటి చొప్పున, 100 టన్నుల ఉక్కుకి 103.5 సర్టిఫికెట్లు కొనాలి. ఒక్కోటి 75 యూరోలైతే సుమారు 7,760. కట్టేది దిగుమతిదారే, కానీ మీ రేట్లోనే కోస్తాడు. ఏడాదికి 50 టన్నుల లోపు తెప్పించుకునేవాడికి ఈ బాధ లేదు.

బెజవాడ బోల్టు: మా షెడ్డు కరెంటు కూడా కలుపుతారా?

తెనాలి లెక్కలు: ఉక్కు సరుకుకి ప్రస్తుతానికి కలపరు. అసలు కార్బన్ బరువంతా బోల్టు చేసే ఉక్కు తీగదే: బొగ్గుతో నడిచే బ్లాస్ట్ ఫర్నేస్‌దా, స్క్రాప్‌ని కరెంటుతో కరిగించిన ఆర్క్ ఫర్నేస్‌దా అన్నది చూడండి. మిల్లు నుంచి ధృవీకరించిన లెక్క రాకపోతే యూరప్ ముందే ఖరారు చేసిన డిఫాల్ట్ విలువ వేస్తారు, అది మామూలుగా ఎక్కువే ఉంటుంది.

కృష్ణలంక: అప్పుడు స్క్రాప్ ఉక్కు యూరప్‌కి, మిగతాది ఇంకోచోటికి పంపుతారు. గాలిలో ఏం తగ్గింది? ఆ డబ్బేదో ఇక్కడే వసూలు చేస్తే అంత మేరకు అక్కడ తగ్గిస్తారుగా.

తెనాలి లెక్కలు: నిజంగా కట్టినదానికే తగ్గిస్తారు. 2023లో నోటిఫై చేసిన మన కార్బన్ క్రెడిట్ పథకంలో లక్ష్యం కంటే ఎక్కువ కార్బన్ వదిలినవాడే క్రెడిట్లు కొనాలి. లక్ష్యంలోపున్న మిల్లు పైసా కట్టదు కాబట్టి ఆ ఉక్కుకి మినహాయింపూ రాదు.