ఒకే గదిలో 22 మంది పిల్లలు: ఎలా అమర్చుకోవాలి?

ప్రశ్న (అంగన్‌వాడీ టీచర్):
మా కేంద్రానికి మూడు నుంచి ఆరేళ్లలోపు పిల్లలు 22 మంది వస్తారు. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవున్న ఒక్క గదిలోనే ఆట, పాట, భోజనం, నిద్ర అన్నీ జరగాలి. గోడల నిండా చార్టులున్నా పిల్లలు వాటివంక చూడరు. బీరువా తాళం తీసి ఆటవస్తువులు ఇవ్వగానే పరుగులు, తగాదాలు మొదలవుతాయి. బల్లలు కొనే వీలు లేదు. సలహా ఇవ్వగలరు.

జవాబు (విశ్రాంత సూపర్‌వైజర్):
టీచర్ గారూ, ముందు చాప మీద కూర్చుని గోడల వైపు చూడండి. చార్టులు పెద్దవాళ్ల కంటి ఎత్తులో ఉంటే అవి తనిఖీకి వచ్చేవారి కోసం పెట్టినవే. 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు అలంకరణలతో నిండిన గదిలోనూ, ఖాళీ గోడల గదిలోనూ పాఠాలు చెప్పించి చూస్తే, నిండు గోడల మధ్య పిల్లల దృష్టి ఎక్కువగా చెదిరింది, నేర్చుకున్నదీ తగ్గింది. కథ చెప్పేటప్పుడు మీ వెనక ఉండే గోడనైనా ఖాళీగా ఉంచండి. మిగిలిన చోట ఈ వారం పాఠానికి కావలసినవి రెండు మూడు, పిల్లలు గీసిన బొమ్మలు కొన్ని, వాళ్ల కంటి ఎత్తులో చాలు.

జవాబు (ప్రీస్కూల్ టీచర్):
అసలు చిక్కు బీరువా తాళంలో ఉందని నా అనుమానం. 1907లో రోమ్‌లో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి చిన్నపిల్లల కోసం తెరిచిన బడి ‘బాలగృహం’లోనూ మొదట వస్తువులను బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఒకరోజు ఉపాధ్యాయురాలు తాళం వేయడం మరచిపోతే, పిల్లలు తమకు కావలసినవి తామే తీసుకుని పనిలో మునిగిపోయారు. ఆ తర్వాతే అక్కడ పిల్లలకు అందే అరలు వచ్చాయి. మీకు పళ్ల దుకాణాల చెక్కపెట్టెలు దొరికితే, మేకులు, పెచ్చులు లేకుండా నునుపు చేయించి, రెండింటిని పక్కపక్కన గది మధ్యకు అడ్డంగా పెట్టండి. అవే అరలు, పరుగులకు అడ్డుకట్ట కూడా. పుస్తకాల మూలను వెలుతురు పడే కిటికీ పక్కన, చెక్క దిమ్మెలతో ఆడుకునే మూలను దానికి దూరంగా ఉంచండి.

జవాబు (విశ్రాంత సూపర్‌వైజర్):
ఒక్క సవరణ. చింతగింజలు, పూసలు మాత్రం తాళంలోనే ఉండాలి. మూడేళ్ల పిల్లలు వాటిని ముక్కులో పెట్టుకుంటారు.

ప్రశ్న అడిగినవారు:
మరి నిద్రకు చోటెలా?

జవాబు (ప్రీస్కూల్ టీచర్):
పెట్టెలను గోడకు జరపడం భోజనం ముందు పిల్లల పనే కానివ్వండి. మా దగ్గర ఆ పని కోసమే పోటీ పడతారు.