నార్వేలో జిమ్నాస్టిక్స్ సంఘం ఫుట్‌బాల్ ఛాంపియన్ ఎలా అయింది? టూర్న్ క్లబ్బుల చరిత్ర (చర్చ)

వెస్ట్‌ఫోల్డ్‌వాసి:
అందరికీ నమస్కారం. మేముండేది ఓస్లోకి దక్షిణాన, వెస్ట్‌ఫోల్డ్ తీరంలో. పక్క ఊరు లార్విక్, సముద్రయాత్రికుడు థోర్ హెయర్డాల్ పుట్టిన ఊరు. అక్కడి క్లబ్బు లార్విక్ టూర్న్. టూర్న్ అంటే ఇక్కడ జిమ్నాస్టిక్స్. 1865లో పెట్టారు. కానీ ఊళ్లో పెద్దవాళ్లని కదిపితే వచ్చేవన్నీ ఫుట్‌బాల్ కబుర్లే. 1953, 1955, 1956లో దేశ ఛాంపియన్లు! బార్ల మీద కసరత్తు చెయ్యడానికి పెట్టుకున్న సంఘం దేశం మొత్తాన్ని ఫుట్‌బాల్‌లో ఓడించే దాకా ఎలా వచ్చిందన్నది నాకు తెగని ప్రశ్న.

మన పిల్లలు ఈ దేశంలో ఏదో ఒక క్లబ్బులో ఉన్నవాళ్లే. ఆ క్లబ్బుల వెనక కథ తెలుగులో ఎక్కడా దొరకలేదు. మీకు తెలిసింది, మీ ఊరి క్లబ్బులో చూసింది ఇక్కడ రాయండి.

ఓస్లో_తూర్పు:
మంచి చర్చ మొదలుపెట్టారు. మూలం నార్వేలో లేదండీ, జర్మనీలో ఉంది. 1811లో ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్ అనే ఆయన బెర్లిన్ బయట హాజెన్‌హైడె అనే చోట బయలు కసరత్తుశాల తెరిచాడు. అప్పటికి ప్రష్యా (బెర్లిన్ రాజధానిగా ఉన్న జర్మన్ రాజ్యం) నెపోలియన్ చేతిలో ఓడి ఉంది. కుర్రాళ్ల ఒళ్లు గట్టిపడితే దేశం నిలబడుతుందన్నది ఆయన పట్టు. ఆ కుర్రాళ్లు కసరత్తుతో ఆగకుండా రాజకీయం కూడా మాట్లాడుతున్నారని ప్రభుత్వానికి భయం పట్టుకుంది. 1820 నుంచి 1842 దాకా టూర్న్ మీద నిషేధం పెట్టారు.

నిషేధం పోయాక అది సరిహద్దులు దాటింది. 1855లో మా ఊళ్లో క్రిస్టియానియా టూర్న్ సంఘం పుట్టింది. ఓస్లో అప్పటి పేరు క్రిస్టియానియా. 1925లో ఊరి పేరు మారాక సంఘం కూడా ఓస్లో పేరే పెట్టుకుంది. లార్విక్ వాళ్లది దాని తర్వాత పదేళ్లకి. ఈ మధ్యలోనే, 1861లో, శరీర వ్యాయామాన్నీ ఆయుధ సాధననీ దేశంలో వ్యాప్తి చెయ్యడానికని ఒక కేంద్ర సంఘం ఏర్పడింది. పేరులోనే రెండూ పెట్టుకున్నారు! ఆ రోజుల్లో కసరత్తుని దేశరక్షణలో భాగంగానే చూసేవాళ్లు.

మీ ప్రశ్నకి సంబంధించిన సంగతి ఒకటుంది. యాన్ మైదానంలో బార్లు ఒక్కటే కాదు, పరుగు, దూకడం, విసరడం, ఎక్కడం, కుస్తీ అన్నీ ఉండేవి. మనం ఇప్పుడు అథ్లెటిక్స్ అనేది మొదటి రోజు నుంచీ టూర్న్ లోపలే ఉంది. అందుకే ఇలాంటి సంఘాల్లోకి కొత్త ఆట రావడం ఎవరికీ వింతగా అనిపించి ఉండదని నా నమ్మకం.

గోదారిగట్టు:
నేను రాజమండ్రి దగ్గర పీఈటీగా చేసి రిటైరయ్యాను. మీరు చెబుతున్నది చదువుతుంటే మా ఊరి తాలింఖానా కళ్లముందు కదిలింది. సింగిల్ బార్, డబుల్ బార్, ఆంజనేయస్వామి పటం, ఇసక గొయ్యి. వాటికీ స్వాతంత్ర్య పోరాటానికీ ముడి ఉండేది. కోడి రామమూర్తి నాయుడు గారి పేరు చెప్పి కుర్రాళ్లని కసరత్తుకి లాక్కొచ్చేవాళ్లు.

నాకో సందేహం. మా ట్రైనింగ్‌లో స్వీడిష్ డ్రిల్ అని ఒకటి చెప్పేవారు. వరసల్లో నిలబడి, విజిల్‌కి అందరూ ఒకేసారి చేతులు చాచి, నడుం వంచి చేసేది. దానికీ ఈ టూర్న్‌కీ చుట్టరికం ఉందా?

ఓస్లో_తూర్పు:
మాస్టారూ, ఉంది, కానీ దాయాదుల చుట్టరికం. స్టాక్‌హోంలో పేర్ హెన్రిక్ లింగ్ 1813లో ఒక వ్యాయామ సంస్థ పెట్టాడు. ఆయన పద్ధతిలో ప్రతి కదలికకీ శరీరశాస్త్రం నుంచి ఒక కారణం చూపించాలి. పోటీ కన్నా ఒళ్లు తిన్నగా ఉండటం ముఖ్యం. బ్రిటన్ 20వ శతాబ్దం మొదట్లో దాన్ని తన బడుల్లోకి తీసుకుంది. మన డ్రిల్లు మాస్టార్ల విజిల్ అలా వచ్చిందే.

నార్వే ఈ రెండిటి మధ్య పడింది. ఒక పక్క జర్మన్ బార్లు, ఇంకో పక్క స్వీడన్ వరసలు. ఇక్కడ ఏ బడి జిమ్‌కి వెళ్లినా గోడకి నిలువునా నిచ్చెనల్లా చెక్క కడ్డీలు బిగించి ఉంటాయి చూడండి, అవి లింగ్ సంప్రదాయం. నడి గదిలో హై బార్, పారలల్ బార్లు యాన్ వారసత్వం. పిల్లలు వాటినీ వీటినీ కలిపే వాడేస్తారు.

ఈ కలయికే వాళ్లకి కలిసొచ్చింది. 1905లో నార్వే స్వీడన్ నుంచి విడిపోయింది. మరుసటి ఏడే ఏథెన్స్ క్రీడల్లో నార్వే పురుషుల జిమ్నాస్టిక్స్ జట్టు స్వర్ణం గెలిచింది. కొత్తగా స్వతంత్రమైన దేశానికి ఆ గెలుపు ఎంత తియ్యగా ఉండి ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ జట్టులోని కోన్రాడ్ కార్ల్స్‌రూడ్ అవే క్రీడల్లో జావెలిన్ కూడా విసిరాడు. జిమ్నాస్ట్, అథ్లెట్ ఒకే మనిషి! 1908 లండన్ ఒలింపిక్స్‌లో రజతం, స్వీడన్ తర్వాత. 1912 స్టాక్‌హోంలో జట్టు పోటీలు పద్ధతుల వారీగా విడివిడిగా పెట్టారు. స్వీడిష్ పద్ధతిలో స్వీడన్‌కి స్వర్ణం, నార్వేకి కాంస్యం. ఎవరికి నచ్చినట్టు వాళ్లు చేసుకోగల స్వేచ్ఛా పద్ధతిలో మాత్రం 24 మంది నార్వే జట్టుదే స్వర్ణం.

హామర్_మంచు:
అథ్లెటిక్స్ వైపు నుంచి నేను కలుపుతాను. ఈ ఆట టూర్న్ సంఘాల నీడలోంచి బయటపడిన కాలం 1890లు. 1890లో క్రిస్టియానియాలో చాల్వే క్లబ్బు పుట్టింది, 1896లో దేశ అథ్లెటిక్స్ సమాఖ్య ఏర్పడింది. చాల్వే అన్న పేరు నాకు చాలా ఇష్టం. నార్స్ పురాణంలో అతను థోర్ దేవుడి సేవకుడు, అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడు. ఒక రాక్షసరాజు కొలువులో అతనికి పందెం పెడతారు. ఎదురుగా పరిగెత్తిన వాడు చివరికి ఎవరో కాదు, సాక్షాత్తూ ఆలోచన. చాల్వే ఓడిపోతాడు. గోదారిగట్టు మాస్టారి తాలింఖానాలో పటంలో ఉన్నాయన మనోజవుడు కదా, ఆ పందెం ఆయన పరిగెత్తి ఉంటే వేరేగా ఉండేది!

టూర్న్ హాలు వదిలిన గుర్తు ఒకటి ఈ దేశం అథ్లెటిక్స్‌లో ఇప్పటికీ ఉంది. పరుగు తీసుకోకుండా ఉన్నచోటు నుంచే ఎగిరే దూకుళ్లు. ఒలింపిక్స్‌లో అవి 1912తో అయిపోయాయి. నార్వేలో మాత్రం వాటికి జాతీయ పోటీలు నడుస్తూనే వచ్చాయి. చలికాలంలో బయట మంచు, లోపల చిన్న హాలు. పరిగెత్తడానికి చోటు లేదు, ఎగరడానికి ఉంది. నేను చూసిన పోటీలో కుర్రాడు గీత దగ్గర కాలివేళ్లు ఆనించి, చేతులు వెనక్కి లాగి, రెండు మూడుసార్లు మోకాళ్లు ఊపి, ఒక్కసారిగా మొత్తం ఒళ్లు ముందుకి విసిరేశాడు. మడమలు చాప మీద పడిన చప్పుడు హాలంతా వినిపించింది. ఇలా నిలబడ్డచోటు నుంచి ముందుకి దూకడంలో ఆర్నె ట్వెర్వోగ్ అనే నార్వే ఆయన 1968లో 3.71 మీటర్లు దూకాడు. 2015లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు బైరన్ జోన్స్ 3.73 దూకే దాకా దాన్ని మించిన వాడి పేరు వినలేదు.

ఇక మా ఊరి గర్వం ఏగిల్ డానియెల్సెన్. హామర్ అనే మా ఊరి క్లబ్బు మనిషి, జావెలిన్ విసిరేవాడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మొదటి విసుర్లు సరిగ్గా పడలేదు. పోలండ్ ఆటగాడు యానుష్ షిద్వో దగ్గర ఉక్కు జావెలిన్ అడిగి తీసుకుని విసిరితే 85.71 మీటర్లు. ప్రపంచ రికార్డు, స్వర్ణం. అంతకుముందు రికార్డు 83.66, అదీ ఆ షిద్వోదే! ఆయనకి రజతం దక్కింది. జావెలిన్ ఇచ్చిన ఆ మనిషిని తలుచుకోకుండా ఈ కథ చెప్పకూడదని నా పట్టుదల.

లార్విక్_బీచ్‌చెట్టు:
పన్నెండేళ్లుగా లార్విక్‌లో ఉంటున్నాను, అసలు ప్రశ్నకి నేను జవాబిస్తాను. ఇక్కడ క్లబ్బంటే ఆట కాదు, మనుషుల సంఘం. సంఘం అప్పటికే ఉంది, సభ్యులున్నారు, కోశాధికారి ఉన్నాడు. ఊళ్లో కుర్రాళ్లకి కొత్త ఆట నచ్చితే కొత్త సంఘం పెట్టే బదులు ఉన్నదాంట్లోనే ఇంకో విభాగం తెరుస్తారు. పేరు మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఫుట్‌బాల్ అలాగే పెరిగింది. 1950ల్లో దేశపు పై లీగు రెండు గ్రూపులుగా జరిగేది, గ్రూపు విజేతలిద్దరూ ఫైనల్ ఆడేవాళ్లు. లార్విక్ టూర్న్ మూడుసార్లు అలా గెలిచింది. ఆ జట్టు తార గున్నర్ థోరెసెన్, నార్వేకి 64 మ్యాచ్‌లు ఆడి 22 గోల్స్ కొట్టాడు. కొడుకు హల్వార్ కూడా ఇదే క్లబ్బులో మొదలై నెదర్లాండ్స్‌లో పీఎస్‌వీ అనే క్లబ్బుకి ఆడాడు. ఇంత చిన్న ఊరు!

తర్వాత హ్యాండ్‌బాల్. 1990లో లార్విక్ టూర్న్, పక్కనున్న హాల్సెన్ క్లబ్బు తమ హ్యాండ్‌బాల్ విభాగాల్ని కలిపి వేరే క్లబ్బుగా పెట్టాయి. ఉమ్మడి కుటుంబంలోంచి వేరు కాపురం పెట్టిన పిల్లలాగా అది 2011లో యూరప్ మహిళల ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. వెళ్లిపోయిందని ఊళ్లో ఎవరూ బాధపడటం నేను చూడలేదు, ఆ కప్పు అందరిదీ.

ట్రోండ్‌హైమ్_చదువు:
యుద్ధకాలం సంగతి ఎవరూ ఎత్తలేదు, నాకు అన్నిటికన్నా పెద్దది అదే. అంతకుముందు ఒక చీలిక ఉంది: 1924లో కార్మికులు తమ సొంత క్రీడా సమాఖ్య పెట్టుకున్నారు. చాలా ఊళ్లలో ఒకే ఆటకి రెండు క్లబ్బులు ఉండేవి, ఒకళ్లతో ఒకళ్లు ఆడేవాళ్లు కాదు.

1940 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం వచ్చింది. ఆ ఏడే నాజీ పక్షం వాళ్లు క్రీడల్ని తమ గుప్పిట్లో పెట్టుకోబోతే ఆటగాళ్లు ఆడటమే మానేశారు. 1945 దాకా! అధికారిక పోటీలు పెట్టినా మైదానాలు ఖాళీ. ప్రేక్షకులు కూడా వెళ్లలేదు. అడవుల్లో దాక్కుని రహస్యంగా పోటీలు పెట్టుకున్న వాళ్లున్నారు. ఆటగాడికి ఐదేళ్లంటే సగం జీవితం. పేరు ప్రతిష్ఠలు వదులుకుని ఇంట్లో కూర్చోవడం ఎంత కష్టమో మనం ఊహించాలి. అందరూ నిలబడలేదు. పోల్‌వాల్ట్‌లో ప్రపంచ రికార్డులు నెలకొల్పిన చార్లెస్ హోఫ్ ఆక్రమణదారుల పక్షాన క్రీడా పాలనలో చేరాడు. యుద్ధం అయ్యాక కార్మికుల సమాఖ్య, మిగతావాళ్లు కలిసి 1946లో ఒకే క్రీడా సమాఖ్యగా ఏర్పడ్డారు. ఇవాళ మన పిల్లల క్లబ్బులన్నీ దాని కిందే.

వాఫెల్_అమ్మ:
చరిత్ర మీరంతా చెప్పారు, నేను ఇప్పటి సంగతి చెబుతాను. మా పాప జిమ్నాస్టిక్స్‌కి, బాబు అథ్లెటిక్స్‌కి వెళ్తారు, ఒకటే క్లబ్బు. మొదటి ఏడాది ఫీజు కట్టేశాం కదా అనుకున్నాం. తర్వాత ఈమెయిల్ వచ్చింది, శనివారం పోటీలో వాఫెల్స్ వెయ్యాలని. దీన్ని డుగ్నాడ్ అంటారు. జీతం లేని పని, తప్పించుకుంటే చిన్నతనం. డాక్టరమ్మ పిండి కలుపుతుంటే బస్సు డ్రైవరు గారు కాఫీ పోస్తున్నారు. ఎవరూ ఎవర్నీ పనివాళ్లలా చూడరు. నాకు ఈ దేశంలో మొదటి స్నేహితురాలు దొరికింది ఆ వాఫెల్ పెనం దగ్గరే.

హాలు టైముల దగ్గర గొడవలు తప్పవు. ఒక చలికాలం మా జిమ్నాస్టిక్స్ పిల్లల టైము ఇంకో విభాగానికి ఇచ్చేస్తే నేను వార్షిక సమావేశానికి వెళ్లి లేచి అడిగాను. మార్చి లోపల ఆ సమావేశం పెట్టాలి, 15 ఏళ్లు నిండిన సభ్యులందరికీ ఓటుంటుంది. నా నార్వేజియన్ అంతంత మాత్రం. అయినా అధ్యక్షుడు నేను చెప్పేది పూర్తయ్యేదాకా ఆగి, ఓటుకి పెట్టారు. మా పిల్లల హాలు టైము తిరిగొచ్చింది.

పిల్లల నియమాలు కూడా చెప్పాలి. 1987 నుంచి ఉన్నాయి. 11 ఏళ్ల లోపు పిల్లలకి ఫలితాల పట్టికలు, ర్యాంకులు ఉండవు. 13 ఏళ్లు వచ్చేదాకా జాతీయ ఛాంపియన్‌షిప్‌లు లేవు. మా అత్తయ్య గారు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "ఎన్నో ప్లేసు వచ్చింది?" అని అడుగుతుంటారు. అరుణా రెడ్డి 2018లో మెల్బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్‌లో కాంస్యం తెచ్చినప్పటి నుంచి ఆవిడకి జిమ్నాస్టిక్స్ మీద ఆశ. ప్లేసు లేదత్తయ్యా, మీ మనవరాలు మళ్లీ సోమవారం వెళ్తానంటోంది అని చెబుతాను.

హామర్_మంచు:
ఇలా ర్యాంకుల్లేకుండా పెరిగితే విజేతలు ఎలా వస్తారని నన్నూ చాలామంది అడిగారు. ఉల్స్టేన్‌విక్ లాంటి చిన్న చోటు నుంచి, డిమ్నా అనే క్లబ్బు నుంచి కార్స్టెన్ వార్‌హోల్మ్ వచ్చి 2021 టోక్యోలో 400 మీటర్ల హర్డిల్స్ 45.94 సెకన్లలో పరిగెత్తాడు. చిన్నప్పుడు అన్ని అథ్లెటిక్స్ అంశాలూ చేసినవాడు. తొమ్మిదిసార్లు న్యూయార్క్ మారథాన్ గెలిచిన గ్రేటె వైట్స్ కూడా వీడార్ అనే ఓస్లో క్లబ్బు సభ్యురాలే, వృత్తి బడిపంతులమ్మ.

వెస్ట్‌ఫోల్డ్‌వాసి:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. లార్విక్ టూర్న్ మీద తెలుగులో ఒక పెద్ద వ్యాసం రాయాలని ఉంది. పాత కాలం సంగతులు ఎక్కడ వెతకాలి?

లార్విక్_బీచ్‌చెట్టు:
నార్వే జాతీయ గ్రంథాలయం పాత పుస్తకాలు, పత్రికలు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. చాలా పుస్తకాలు నార్వేలో ఉన్నవాళ్లు ఇంటి నుంచే చదవచ్చు. పాత పత్రికలకి మాత్రం ఊరి లైబ్రరీ కంప్యూటర్ దగ్గర కూర్చోండి. మా ఊరి పత్రిక ఓస్ట్‌లాండ్స్-పోస్టెన్ 1881 నుంచి ఉంది. వెతికేటప్పుడు లార్విక్ అని ఒక్కటే కొట్టకండి, అప్పట్లో లౌర్విగ్ అని రాసేవాళ్లు. కొన్ని పాత సంచికలు గోతిక్ అక్షరాల్లో (పాతకాలపు కోణాల అచ్చులో) ఉంటాయి, కంప్యూటర్ సరిగ్గా చదవలేదు, పేజీ పేజీ తిప్పాల్సిందే. వచ్చే శనివారం నేను లైబ్రరీలోనే ఉంటాను, రండి, 1953 ఫైనల్ నుంచి మొదలుపెడదాం.